సెంటున్నరలో ఇల్లు, మిగిలిన జాగాలో దొండపాదు

ముందే చెప్తున్నా, ప్రభుత్వం పేదలకి స్థలమిచ్చి ఇల్లు కట్టించే పథకం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి రాస్తున్నది కాదిది. ఏ పార్టీ వాళ్ళూ దీన్ని తీసుకెళ్ళి ఎక్కడా అతికించుకోవద్దు. ఇల్లు వచ్చింది, అదీ నా పేరు మీదే వచ్చింది, పదకొండేళ్ళు అద్దె కట్టినదాన్ని కాబట్టి దాని విలువ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇల్లు వచ్చాక కూర ఎక్కణ్ణుంచి వస్తుంది అన్న దగ్గర మాత్రం చాన్నాళ్ళు తిరిగాం, ఆ సంగతే రాద్దామని.

మాది గుంటూరు జిల్లాలో డెల్టా కింద ఊరు. మా మామగారి హయాంలో ఊళ్ళో ఆరు సెంట్ల జాగాలో పెంకుటిల్లు ఉండేది. ఇల్లు చిన్నదే, పెరడు పెద్దది. ములగచెట్టు, కరివేపాకు, బావి పక్కన అరటి, వానాకాలం వస్తే బీరపాదు గేదెల కొట్టం మీదికి ఎక్కేది. మా అత్తయ్య కూరగాయలు కొనడం అనేది ఉల్లిపాయలకీ బంగాళదుంపలకీ తప్ప ఎరగదు. ముగ్గురు అన్నదమ్ముల పంపకాలు, మామగారి ఆపరేషన్, దానికి చేసిన అప్పు, ఇవన్నీ అయ్యేసరికి మా వాటా చేతులు మారిపోయింది. అప్పట్నుంచి అద్దె ఇళ్ళే. మా ఆయనకి ఆటో, నాకు ఇంట్లో కుట్టు మిషను.

2019 చివర్లో వాలంటీర్ వచ్చి ఇళ్ళ స్థలానికి పేర్లు రాసుకెళ్ళింది. తెల్ల కార్డు, ఆధార్, ఎక్కడా సొంత ఇల్లు లేదని, ఇంతకుముందు ఏ ప్రభుత్వంలోనూ ఇల్లు తీసుకోలేదని. 2020 ఉగాదికి పట్టాలన్నారు. కరోనా వచ్చింది, తర్వాత కోర్టు కేసులు. ఉగాది పోయి జులై అన్నారు, ఆగస్టు పదిహేను అన్నారు, గాంధీ జయంతి అన్నారు. ప్రతి తారీఖుకీ మా అత్తయ్య కొత్త చీర తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేది. ఆఖరికి ఆ డిసెంబర్ 25న రాష్ట్రమంతా మొదలుపెట్టారు, 30 లక్షల పైచిలుకు పట్టాలని టీవీలో చెప్పారు, మా ఊరి వంతు జనవరిలో వచ్చింది. లాటరీలో నంబరు తీశారు. నా ఫొటో ఉన్న పట్టా చేతికొచ్చినప్పుడు ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

మర్నాడు స్థలం చూడ్డానికి వెళ్ళాం. ఊరికి రెండున్నర కిలోమీటర్లు, పొలాల మధ్య. అది పల్లం. ఒకప్పుడు వరి ఊడ్చిన మాగాణి, పక్క పొలం వాళ్ళు నీళ్ళు పెడితే ఊట వచ్చేది. దాన్ని మెరక చెయ్యడానికి గ్రావెల్ తోలారు, ఎర్రగా, రాళ్ళు రాళ్ళుగా, మోకాలి పైదాకా. హద్దురాళ్ళ మధ్య నిలబడి మా అత్తయ్య అటూ ఇటూ చూసి "ఇందులో ఇల్లెక్కడ, వాకిలెక్కడ?" అంది.

లెక్క చెప్తాను. ఊళ్ళలో ఇచ్చింది సెంటున్నర, పట్టణాల్లో అయితే సెంటు. సెంటున్నర అంటే 72 గజాలు. మాకు పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్పై ఆరు అడుగుల పొడవు వచ్చింది. ఇంటి ప్లాను 340 చదరపు అడుగులు, ఓ గది, హాలు, వంటిల్లు, బాత్రూం, చిన్న వరండా. అది కట్టాక వెనక నాలుగడుగులు, ముందు ఏడడుగులు, రెండు పక్కలా రెండేసి అడుగుల సందు. వెనక నాలుగడుగుల్లోనే సెప్టిక్ గుంత. అంటే పెరడు అనే మాట ఆ కాగితంలో లేనే లేదు. ఇల్లు ఇస్తున్నారు, పెరడు ఎందుకు అడుగుతావు అని మా మరిది నవ్వాడు. ఆ రోజు నేనూ నవ్వాను.

కట్టుబడి గురించి ఎక్కువ రాయను, ఆ కాలనీల్లో కట్టిన వాళ్ళందరిదీ ఒకటే కథ. మూడు ఆప్షన్లు ఇచ్చారు. సామాన్లు వాళ్ళిస్తే కూలీ డబ్బులతో మనం కట్టుకోవడం, అన్నీ మనమే కొనుక్కుని స్టేజీ స్టేజీకి బిల్లు తీసుకోవడం, లేదంటే మొత్తం వాళ్ళే కట్టించడం. నేను మొదటిది పెట్టాను. ఇంటికి 1,80,000. మాది పంచాయతీ అయినా పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందని పట్టణ పథకం కిందికి వచ్చింది, ఆ తేడా నాకిప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఇసుక 20 టన్నులు ఉచితం, సిమెంటు, ఇనుము తక్కువ రేటుకిచ్చి బిల్లులో పట్టుకునేవాళ్ళు. డ్వాక్రా గ్రూపులో 35,000 పావలా వడ్డీకి. వినడానికి సరిపోతుందనే అనిపిస్తుంది. కానీ మాది నల్లరేగడి మీద గ్రావెల్ పోసిన నేల, ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది, మేస్త్రీ గునపం దింపి చూసి "అమ్మాయ్, ప్లాన్‌లో ఉన్న పునాది ఇక్కడ ఆగదు, ఇంకా లోతుకి పోవాలి" అన్నాడు. అలా భూమిలోపలే లక్ష పైన కలిసిపోయింది, బయటికి కనపడేది ఏమీ లేకుండా. ఇసుక ఉచితమే, స్టాకు దగ్గర్నుంచి తెచ్చుకునే ట్రాక్టరు బాడుగ మాది. ఓసారి సిమెంటు తెచ్చాక మేస్త్రీ వేరే పనికి పోయాడు, వారం రోజులు వాన, ఆరు బస్తాలు రాళ్ళైపోయాయి. ఆ రాళ్ళే ఇప్పుడు మా గుమ్మం ముందు మెట్టు.

బిల్లుల భాష ఒకటి నేర్చుకున్నాను. బీఎల్ అంటే బేస్‌మెంట్ లెవెల్, ఆర్ఎల్ అంటే గోడలు స్లాబు దాకా లేచినట్టు, ఆర్సీ అంటే స్లాబు పడ్డట్టు. ఒక్కో స్టేజీకి గ్రామ సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి నన్ను ఇంటి ముందు నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీస్తాడు, లొకేషన్ దానికదే పడుతుంది, ఆ ఫొటో ఎక్కితేనే బిల్లు. సిగ్నల్ లేని కాలనీలో ఫొటో ఎక్కించడానికి ఆ అబ్బాయి ఫోన్ పైకెత్తుకుని చెరువు గట్టు దాకా నడిచి వెళ్ళిన రోజులున్నాయి. 2021 జులైలో శంకుస్థాపన చేస్తే 2023 వేసవికి స్లాబు పడింది. నా నల్లపూసల గొలుసు బ్యాంకులోకి వెళ్ళింది, ఇంకా అక్కడే ఉంది. గోడలకి ప్లాస్టరింగ్ సగమే అయింది, అద్దె భరించలేక ఆ జూన్‌లోనే పాలు పొంగించేసి దిగిపోయాం.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి.

మేం దిగిన నెలకే టమాటా కిలో వంద దాటి పరుగు పెట్టింది, గుర్తుండే ఉంటుంది అందరికీ. రైతు బజార్లలో రాయితీ మీద కిలో 50కి ఇచ్చారు. మంచిదే. కానీ మా కాలనీ నుంచి రైతు బజారుకి ఎనిమిది కిలోమీటర్లు. షేర్ ఆటోకి పోనూ రానూ అరవై. అంటే కిలో మీద యాభై రూపాయల లాభానికి అరవై ఖర్చు (ఆటో వాడి పెళ్ళాన్ని అయ్యుండీ, ఆయన బండి పొద్దున్నే బాడుగకి పోతే నేనూ షేర్ ఆటోనే ఎక్కాలి). ఊళ్ళో ఉన్నప్పుడు బండి మీద కూరలమ్మే ఆయన రోజూ వీధిలోకి వచ్చేవాడు. ఇక్కడ అప్పటికి పదిహేను ఇళ్ళలోనే దీపం వెలుగుతోంది, పదిహేను ఇళ్ళ కోసం ఎవడొస్తాడు? రేషన్ బండి వచ్చేది, నలుగురికి ఇరవై కిలోల బియ్యం, డబ్బులు కూడా కట్టక్కర్లేదు. అన్నానికి లోటు లేదు. అన్నంలోకి ఏమిటి అన్నదే. ఆ వానాకాలం మా పిల్లలు తిన్నది ఎక్కువగా పచ్చడి మెతుకులు, పప్పుచారు, వారానికి రెండుసార్లు కోడిగుడ్డు. మా చిన్నదానికి రక్తం తక్కువుందని అప్పుడే చెప్పారు. ఆకుకూరలు బాగా పెట్టమ్మా అన్నారు. ఆరు సెంట్ల పెరట్లో గోంగూర, తోటకూర తెగక పక్కింటికి పంచిన మా అత్తయ్య పక్కనే నిలబడి ఆ మాట విన్నది.

సరిగ్గా ఆ టైములో డ్వాక్రా మీటింగుకి ప్రకృతి వ్యవసాయం మేడమ్ వచ్చింది. రైతు సాధికార సంస్థ తరఫున మండలంలో తిరిగే ఆవిడ, తనూ మా లాంటి డ్వాక్రా మనిషే, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. 2016 నుంచి ఈ పని రాష్ట్రంలో నడుస్తోందట, మందుల్లేకుండా, పేడా మూత్రంతో. ఏటీఎం మోడల్ అని ఒకటి చెప్పింది, అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు డబ్బులొచ్చేలా రకరకాల కూరగాయలు కలిపి వేసే పద్ధతి. ఎంత జాగాలో అంటే ఇరవై సెంట్లలో అంది. మా గ్రూపులో ఆరుగురం కాలనీ వాళ్ళమే, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "వదినా, మా అందరి ఇళ్ళూ కలిపినా పది సెంట్లు లేవు" అన్నాను. ఆవిడ నవ్వకుండా "సరే, మీకు పెరటి తోటలు చేద్దాం" అంది. పెరడుంటే కదా, అని ఇంకొకామె. అప్పుడు నవ్వింది.

కూరగాయ విత్తనాల ప్యాకెట్లు ఇచ్చారు. తోటకూర, గోంగూర, బెండ, బీర, సొర, ఇంకా ఏవో. ఇంటి ముందు ఏడడుగుల్లో చల్లాను. మొలిచాయి, నాలుగు ఆకులు వేశాయి, పసుపుపచ్చగా తిరిగి చచ్చిపోయాయి. నీళ్ళు పోస్తే నిలవ్వు, జల్లెడలోంచి పోయినట్టు పోతాయి. మేడమ్ వచ్చి చేత్తో తవ్వి చూసి "ఇది మట్టి కాదమ్మా, రోడ్డుకి పరిచే సరుకు" అంది. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. మా కాళ్ళ కింద రెండు అడుగుల లోతులో డెల్టా నల్లమట్టి ఉంది, మూడు పంటలు పండిన మట్టి, దాని మీద రాళ్ళు తోలి, దాని మీద మమ్మల్ని పెట్టి, ఆ తర్వాత విత్తనాలు చేతిలో పెట్టారు. తోలకపోతే ఇళ్ళు మునుగుతాయి, అదీ నిజమే. మెరక మంచినేలలు కొనడానికి ఎకరానికి ఎంతవుతుందో మా ఊళ్ళో అందరికీ తెలుసు.

మా ఆయన ఆదివారాలు గునపం పట్టాడు. ముందు జాగాలో గుమ్మం దారి వదిలి రెండు పక్కలా అడుగున్నర లోతు తవ్వి గ్రావెల్ ఎత్తి సందుల్లో పోశాం, సందులు ఎలాగూ బురదగా ఉండేవి, అవి బాగుపడ్డాయి. వేసవిలో ఊరి చెరువు పూడిక తీస్తుంటే ఆ మట్టి సిమెంటు బస్తాల్లో నింపి ఆటోలో ట్రిప్పుకి ఐదు బస్తాలు చొప్పున తెచ్చాడు. ఎన్ని ట్రిప్పులో లెక్కపెట్టలేదు, ఆటో వెనక సీటు మాత్రం నల్లబడింది, ప్యాసింజర్లు తిట్టారు. ఆ మట్టిలో ఘనజీవామృతం, అంటే పేడతో చేసే గట్టి ఎరువు, కలపాలి. పేడ ఎక్కడిది? కాలనీలో ఒక్క పశువు లేదు, కట్టేసే చోటు లేదు. ఊళ్ళో పాత ఇంటి పక్కనున్న పిన్ని వాళ్ళ ఆవుపేడ తెచ్చుకున్నాం, ఆవిడ డబ్బులు తీసుకోలేదు, "తోటకూర కోస్తే ఓ కట్ట పంపు" అంది. మూత్రం పట్టడానికి మా అత్తయ్య తెల్లవారుజామున నాలుగున్నరకి వాళ్ళ కొట్టంలో బకెట్‌తో కూర్చునేది. అరవై ఏడేళ్ళు ఆవిడకి. వద్దంటే వినదు, ఆ కొట్టంలో కూర్చుంటే తన పెరట్లో కూర్చున్నట్టుంటుందట.

జీవామృతం అంటే పది కిలోల పేడ, పది లీటర్ల దాకా మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, 200 లీటర్ల నీళ్ళు. మాకున్న జాగాకి అంత డ్రమ్ము అక్కర్లేదు, పెయింటు బకెట్‌లో పదో వంతు కలిపాను. రెండు రోజులు నీడన ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. నీడ ఎక్కడుంది మాకు, వరండాలో తప్ప? వరండాలో పెడితే రెండడుగుల సందుకి అవతల పక్కింటి కిటికీ. మొదటి బకెట్ రోజు పక్కింటామె మూడు గంటలు మాట్లాడలేదు, నాలుగో గంటకి వచ్చి ఇదేం కంపు అంది. ఇప్పుడు ఆవిడే "ఈసారి మా వంతు కూడా కలుపు" అంటుంది, అది వేరే కథ. కంపు రెండు రోజులే, తర్వాత పులిసిన వాసన, అంత ఇబ్బంది ఉండదు.

ముప్పై రోజులకి తోటకూర వచ్చింది. గొప్పగా చెప్పుకోవడం కాదు కానీ ఆ తోటకూర ఉడుకుతుంటే వచ్చిన వాసన ఊళ్ళో ఇల్లు పోయాక నేను మళ్ళీ చూడలేదు. బచ్చలి గోడ వెంట, ములగకొమ్మ ఒకటి మూలన, గోంగూర, పచ్చిమిర్చి. గుమ్మం ముందు నాలుగు వెదురు బొంగులు పాతి దొండపాదు ఎక్కించాం. డాబా మీద సొర పెడదామంటే బస్తాలు పెడితే స్లాబు ఉరుస్తుందని మేస్త్రీ భయపెట్టాడు, మానేశాను. మొత్తం మీద వారంలో మూడు నాలుగు రోజుల కూర మాకు ఇంటి ముందు నుంచే వస్తుంది. మిగిలిన రోజులు కొనాల్సిందే. ఈ ఏడడుగులు కుటుంబాన్ని పోషిస్తాయని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, పిల్లకి ఆకుకూర పెడతాయి, అంతే.

లేఅవుట్‌లో అందరి అవసరాలకని వదిలిన జాగా ఉంది. కంపచెట్లు పెరిగి, తాగి పారేసిన సీసాలు పడి ఉండేది. మేం పన్నెండు మందిమి కలిసి దాన్ని బాగు చేసి కూరగాయలు వేసుకుంటాం, భవనం కట్టే రోజు లేచి పోతాం, స్టాంపు కాగితం మీద రాసిస్తాం అని అర్జీ పెట్టాం. ఒక ఆఫీసులో ఇది మాది కాదు పైవాళ్ళది అన్నారు, పైవాళ్ళు ఇది హౌసింగ్ వాళ్ళ పరిధి అన్నారు, హౌసింగ్ వాళ్ళు మాకు వ్యవసాయంతో సంబంధం లేదన్నారు, వ్యవసాయం వాళ్ళు పట్టాదారు పాసు పుస్తకం ఉందా అన్నారు. సోమవారం అర్జీల్లో పెడితే మూడు వారాలకి నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైందని. కంపచెట్లు అలాగే ఉన్నాయి. ఒకాయన మాత్రం, పేరు రాయను, మంచివాడు, కాగితం పక్కన పెట్టి "అమ్మా, రాతపూర్వకంగా నేనివ్వలేను, మీరు వేసుకుంటే అటు నేను చూడను" అన్నాడు. అలా ఓ మూలన ఐదు సెంట్ల దాకా బాగుచేశాం. రేపు ఎవరైనా వచ్చి పీకేస్తే అడిగే హక్కు మాకు లేదు. వేస్తూనే ఉన్నాం.

ఇప్పుడు ఇచ్చే కొత్త స్థలాలు ఊళ్ళలో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు అని 2025లో నిర్ణయం చేశారు. విని మొదట కుళ్ళుకున్నాను. తర్వాత లెక్కేశాను, మూడు సెంట్లంటే 145 గజాలు, ఇల్లు పోను మనిషి తిరిగే పెరడు ఉంటుంది. తీసుకునేవాళ్ళు ముందు మట్టి చూసుకోండి, గ్రావెల్ తోలించేటప్పుడే వెనక కొంత జాగా వదిలి పైమట్టి దాచమని అడగండి. మాకు అడగాలని తెలియలేదు.

అదే ఏడాది మార్చిలో, సగంలో ఆగిన ఇళ్ళకి అదనంగా ఇస్తామన్నారు, ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ తెగల గిరిజనులకు లక్ష. ఆ మాట పట్టుకుని అప్పు చేసి మిగిలిన ప్లాస్టరింగ్, తలుపులు, రంగు పూర్తి చేశాం. ఇక ఆఖరి ఫొటో.

దానికి నెల ముందు ప్రకృతి వ్యవసాయం మేడమ్ ఇంకో ఇద్దరిని తీసుకొచ్చింది, బయటి జిల్లా వాళ్ళు. 2024లో ఈ పద్ధతికి గుల్బెంకియన్ బహుమతి అని పోర్చుగల్ నుంచి వచ్చిందట, అందుకని చూడ్డానికి వచ్చేవాళ్ళు పెరిగారు. మా గుమ్మం ముందు దొండపందిరి కింద నన్ను నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ఇంత తక్కువ జాగాలో భలే పెంచారమ్మా అన్నారు. ఇల్లు కనపడలేదని ఎవరూ అనలేదు.

నెల తర్వాత ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చాడు, పాతబ్బాయి బదిలీ అయ్యాడు, ఇతను కొత్త. రోడ్డు మీద నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పి "అక్కా, ఇల్లు కనపడట్లేదు. ముందు భాగమంతా, తలుపు పక్కన నంబరూ పడాలి. ఈ తీగ తీసేయండి, మళ్ళీ పెరుగుతుంది కదా" అన్నాడు. అతని తప్పు లేదు, యాప్ ఒప్పుకోవాలి. మా ఆయన కొడవలి తెచ్చాడు కూడా. దొండ నిండా పిందెలు. మా అత్తయ్య కొడవలి ఆయన చేతిలోంచి తీసుకుని లోపల పెట్టి వచ్చింది, వెదురు బొంగుల కట్లు రెండు విప్పింది, పందిరి ఒక పక్క మొత్తం భుజానికెత్తుకుని పక్కింటి సందులోకి జరిగి నిలబడింది. "తియ్యి నాయనా, తొందరగా తియ్యి" అంది.

రెండుసార్లు తీశాడు, మొదటిది కళ్ళు మూసుకున్నానని. ఐదు వారాలకి బిల్లు పడింది. ఆ ఫొటో నాకూ పంపాడు, అందులో నేనున్నాను, నంబరు ఉంది, కుడివైపు అంచున గాజుల చెయ్యి ఒకటి, ఆ చేతి మీంచి వేలాడుతూ మూడు దొండకాయలు.